రెండు భారతాల సంక్రాంతి

1976 డిసెంబరు నాటికి మన బడిలో పదో తరగతి రెండు పక్షాలైపోయింది. పబ్లిక్ పరీక్షల దిగులు ఒక పక్క, 'రామారావు భారతమా, కృష్ణ భారతమా' అనే తగువు ఇంకో పక్క. ఎన్.టి.రామారావు గారి 'దానవీరశూరకర్ణ', కమలాకర కామేశ్వరరావు గారి దర్శకత్వంలో 'కురుక్షేత్రం' రెండూ సంక్రాంతికే వస్తున్నాయని తెలిసిన దగ్గర్నుంచి బెంచీల మీద కూర్చునే వరస కూడా మారింది. చివరికి రెండూ ఒకే రోజు, 1977 జనవరి 14 శుక్రవారం నాడు విడుదలయ్యాయి.

'కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు' అని 2015 జులై నుంచి 2017 ఏప్రిల్ దాకా దేశమంతా అడిగింది. మా మనవడు ఆ ప్రశ్నకు తన దగ్గర నాలుగు జవాబులున్నాయని నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. మా కాలంలో ఆ బాధ లేదు. కర్ణుడు చస్తాడని బడి మొహం చూడనివాడికీ తెలుసు. ఊరి జాతరలో తిరుపతి వేంకటకవుల రాయబారం పద్యాలు వినని పిల్లవాడు లేడు. అయినా రెండు నెలలు నిద్రపట్టలేదు. కథ ఏమవుతుందని కాదు, ఎవరు ఎలా చేస్తారని.

ఆ పోటీ అప్పటికప్పుడు పుట్టింది కాదు. 1974 మే 1న కృష్ణ గారి నూరో చిత్రం 'అల్లూరి సీతారామరాజు' వచ్చింది. ఆ పాత్ర తాను వేయాలని రామారావు గారికి ఏనాటి నుంచో కోరిక ఉండేదని అందరికీ తెలిసిందే. అందుకని ఇద్దరి పేర్లూ ఒకే భారతం మీద కనబడేసరికి అభిమానులు దాన్ని రెండో యుద్ధంగానే తీసుకున్నారు.

తారాగణం చూస్తే మా వాదనలకు సరుకు ఎంతో దొరికేది. 'కురుక్షేత్రం'లో కృష్ణ అర్జునుడు, శోభన్ బాబు శ్రీకృష్ణుడు, కృష్ణంరాజు కర్ణుడు. ఇటు రామారావు గారు ఒక్కరే కర్ణుడు, దుర్యోధనుడు, శ్రీకృష్ణుడు. నిర్మాత, దర్శకుడు కూడా ఆయనే. కైకాల సత్యనారాయణ గారు రెండింటిలోనూ ఉన్నారు, అటు దుర్యోధనుడు, ఇటు భీముడు. అంటే ఒక హాల్లో తొడ విరగ్గొట్టి పక్క హాల్లో విరగ్గొట్టించుకుంటారన్న మాట! ఈ మాట అని ఒకడు లెక్కల క్లాసులో గోడకుర్చీ వేశాడు.

కృష్ణ పక్షం వాళ్ళకు గట్టి ఆధారం దర్శకుడు. 'నర్తనశాల', 'పాండవ వనవాసం' తీసిన కామేశ్వరరావు గారు అటు ఉన్నారు. రామారావు గారిని బృహన్నలగా, భీముడిగా మనకు చూపించిన చేయి అది. ఆ 'నర్తనశాల'లో అభిమన్యుడిగా వేసిన శోభన్ బాబే ఇప్పుడు కృష్ణుడు. రామారావు పక్షం వాళ్ళు 1966 నాటి 'శ్రీకృష్ణ పాండవీయం' తీసేవారు. కృష్ణుడు, దుర్యోధనుడు రెండూ అందులో ఆయనే వేసి, ఆయనే దర్శకత్వం చేశారు గదా, మూడోది ఒక లెక్కా అని. మరి రాయబారం నాడు కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు ఒకే సభలో ఉండాలే, ముగ్గురు రామారావుల్ని ఒకే బొమ్మలో ఎలా ఇరికిస్తారు? కెమెరా అంటే ఏమిటో చూడని మేము దాని మీద గంటలు వాదించుకున్నాం.

పెద్దవాళ్ళ దిగులు వేరు. ఘంటసాల గారు 1974 ఫిబ్రవరిలో పోయారు. ఆయన గొంతు లేకుండా రామారావు గారి నోట పద్యం ఎలా ఉంటుంది? రచ్చబండ దగ్గర ఈ మాట వచ్చినప్పుడల్లా కాసేపు ఎవరూ మాట్లాడేవారు కాదు. దుర్యోధనుడికి భానుమతితో యుగళగీతం పెట్టారట అన్న కబురు మాత్రం పెద్ద గొడవే చేసింది. మా తాతయ్య అయితే భారతానికి పట్టిన శని అన్నాడు. తర్వాత ఆ పాట ఊళ్ళో ప్రతి పెళ్ళి పందిట్లో మోగింది, ఆయన పక్కనే కూర్చుని విన్నాడు.

కబుర్లు ఎలా వచ్చేవో ఈ తరానికి చెప్పాలి. టీవీ లేదు, హైదరాబాదు దూరదర్శన్ ఆ ఏడాది అక్టోబరుకు గాని రాలేదు. సెలూన్‌లో 'విజయచిత్ర', కొత్తగా మొదలైన 'సితార', పేపర్లో ప్రకటనలు, రేడియో. వీటన్నిటికంటే బెజవాడ గాంధీనగర్‌లో పంపిణీ ఆఫీసుల చుట్టూ తిరిగివచ్చే మన టాకీసు గుమాస్తా మాట వేదం. ఆయన చుట్ట వెలిగించి 'బొమ్మ పెద్దది' అన్నాడంటే ఆ ఒక్క మాట వారం రోజులు నలిగేది. ఎంత పెద్దది? నాలుగు గంటలట. నాలుగు గంటల బొమ్మకు రోజుకు ఎన్ని ఆటలు పడతాయి, రెండో ఆట వదిలేసరికి కోడి కూస్తుందా అని మళ్ళీ లెక్కలు.

మన తెలుగు మాస్టారు సినిమా పేరెత్తితే చెవి మెలిపెట్టేవారు. కానీ 'దానవీరశూరకర్ణ'కు కొండవీటి వెంకటకవి గారు మాటలు రాస్తున్నారని తెలియగానే ఆయన తీరు మారింది. 'పండితుడు రాస్తున్నాడంటే చూద్దాం' అని, పాఠం పక్కనపెట్టి కుమారాస్త్ర విద్యా ప్రదర్శన ఘట్టం చెప్పారు. కర్ణుడు విల్లెత్తడం, నీ కులమేమిటని అడగడం, అతను తలవంచుకోవడం.

ఆ రోజు లేచి ప్రశ్న అడిగింది వెల్ఫేర్ హాస్టలు నుంచి వచ్చే మిత్రుడు. 'విల్లు పట్టడం చూశాక కులం అడగడం దేనికండీ?' అన్నాడు. మాస్టారు చాలాసేపు అతని వైపే చూసి, 'అందుకేరా భారతం ఇంకా చదువుతున్నాం' అన్నారు.

భారతం అతనికి వచ్చినంత మాలో ఎవరికీ రాదు. అతను రామారావు పక్షం, నేను కృష్ణ పక్షం. ఒక మధ్యాహ్నం కర్ణుడి మీద వాదనలో నేను ఓడిపోతున్నాను. చుట్టూ అందరూ నవ్వుతున్నారు. ఆ కోపంలో, 'ముందు టిక్కెట్టుకు డబ్బులు చూసుకుని రా, తర్వాత మాట్లాడు, అసలు నువ్వెవడివి మాకు చెప్పడానికి' అన్నాను. అతను ఏమీ అనలేదు. మర్నాటి నుంచి సినిమా మాట ఎత్తలేదు. నాతో ఏ మాటా ఎత్తలేదు.

పండగ వచ్చింది, బొమ్మలు పడ్డాయి, కానీ బెజవాడలో, గుంటూరులో. ఇప్పటిలా ఊరూరా ఒకేరోజు కాదు. ప్రింట్లు కొన్నే ఉండేవి. పెద్ద ఊళ్ళలో ఆడి, అరిగి, అప్పుడు మనలాంటి ఊరికి పెట్టె వచ్చేది. అందుకని విడుదల తర్వాతే మాకు అసలు ఎదురుచూపు మొదలైంది. పండక్కి మేనత్త ఇంటికి వెళ్ళి చూసొచ్చినవాడు నెల రోజులు మా క్లాసుకు మహారాజు. కథ చెప్పడానికి బఠాణీలు వసూలు చేశాడు. వాడు చెప్పినదాన్లో సగం చూసింది, సగం కల్పించింది అని తర్వాత తేలింది.

18వ తేదీన ఇందిరా గాంధీ ఎన్నికలు ప్రకటించారు. ఊరి గోడల మీద కర్ణుడికి, ఆవూ దూడకూ పోటీ పడింది. ఈలోగా 'దానవీరశూరకర్ణ' గెలిచిందని గుమాస్తా తేల్చేశాడు. మేము ఒప్పుకోలేదు. 'కురుక్షేత్రం' యుద్ధం తీసిన తీరు మీద నా అభిప్రాయం ఇప్పటికీ మారలేదు. ఆ రథాలు, ఆ జనం రెండోదాన్లో లేవు.

పరీక్షలయ్యాక, మండు వేసవిలో మన ఊరికి కర్ణుడి పెట్టె వచ్చింది. బస్సు టాపు మీద నుంచి దాన్ని దించేటప్పుడు రీళ్ళ డబ్బాలు తాకి చూసినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ రాత్రి నేల టిక్కెట్టులో కూర్చున్నాం. మాస్టారు కుర్చీలో ఉన్నారు. విద్యా ప్రదర్శన ఘట్టం వచ్చింది. కులం అడిగారు. దుర్యోధనుడు లేచాడు. ఆ మాటలు ఇవాళ్టికీ పిల్లలు సైతం వల్లెవేస్తారు, నేను మళ్ళీ రాయనక్కర్లేదు. హాలంతా ఈలలు. నాకు మాత్రం మా క్లాసు గది కనిపించింది. ఈల వేయలేకపోయాను. అతను ఎక్కడైనా కూర్చున్నాడేమో అని చీకట్లో వెతికాను. హాస్టలు సెలవులకు మూసేశారు, అతను వాళ్ళ ఊరు వెళ్ళిపోయాడని మర్నాడు తెలిసింది.

తర్వాత కాలేజీలో అతను కనపడలేదు. పూర్వ విద్యార్థుల సమావేశాలకు వచ్చిన ప్రతిసారీ అడుగుతున్నాను. 1977 పదో తరగతి గ్రూపు ఫోటోలో రెండో వరస, కుడి చివర, కాలరు గుండీ పెట్టుకుని నిలబడినది అతనే. ఆచూకీ తెలిసినవారు దయచేసి సంఘం కార్యాలయానికి తెలియజేయగలరు.