పెండ్లిని గూర్చి మారు తలంపులు

మన గోదావరిఖని బొగ్గు బావుల ప్రక్కగా పారు గోదావరియే దిగువన రాజమహేంద్రవరమును చేరును. అక్కడ 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగము పంతులుగారు గౌరమ్మ అను బాలవితంతువునకు గోగులపాటి శ్రీరాములుతో వివాహము జరిపించిరి. తెలుగునాట అట్టి పెండ్లిండ్లలో అదియే మొదటిదని చెప్పుదురు. వితంతు వివాహమును అనుమతించు చట్టము 1856లోనే వచ్చియుండెను. ఇరువదియైదేండ్లు అది కాగితముమీదనే పడియుండెను. పెండ్లికి తోడ్పడినవారిని కులమువారు వెలివేసిరి. వంటవారు, నీళ్లు తెచ్చువారు మానుకొనగా పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారే గోదావరినుండి నీళ్లు మోసి వంట చేసిరట. నేడు మన కార్మిక కాలనీలలో వితంతువు మరల పెండ్లాడినయెడల నాలుగు దినములు గుసగుసలాడుదురేమోగాని, నీళ్లు మాన్పించువారు లేరు.

ఈ పాత సంగతి నేనేల ఎత్తితిననగా, పురుషుడు పురుషుని, స్త్రీ స్త్రీని వివాహమాడుటను గూర్చి మన కాలములో వాదము నడుచుచున్నది. 1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షను అట్టివారి కలయికను, ఇష్టపూర్వకమైనదైనను, నేరముగా ఎంచెను. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, యుక్తవయస్కుల సమ్మతితో జరుగునది నేరము కాదని తీర్పు చెప్పెను. 2021 డిసెంబరులో హైదరాబాదు శివారున సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ అను ఇద్దరు పురుషులు బంధుమిత్రుల యెదుట పెండ్లివేడుక జరుపుకొనిరి. మరుసటి యేట వారు గుర్తింపు కోరి సుప్రీంకోర్టుకెక్కిరి. 2023 అక్టోబరు 17న అయిదుగురు న్యాయమూర్తులును అట్టి వివాహమునకు గుర్తింపునిచ్చుటకు నిరాకరించి, అది చట్టసభల పని అనిరి. 2025 జనవరిలో పునఃపరిశీలన అర్జీలును త్రోసివేయబడెను. వితంతువుల విషయములో చట్టము ముందు నడిచి జనము వెనుకబడిరి. ఇక్కడ కొందరు ముందు నడిచిరి, చట్టము రాలేదు.

ఇతర దేశములలో మార్పు వేగముగా వచ్చినది. 2001 ఏప్రిల్ 1న నెదర్లాండ్సు మొదట దీనిని చట్టబద్ధము చేసెను. అమెరికాలో 1996లో నూటికి 27 మంది దీనిని సమ్మతించగా, 2021 నాటికి 70 మంది సమ్మతించిరి. మన దేశములోను సగమునకు మించి, నూటికి 53 మంది, అనుకూలమని 2023లో ప్యూ అను సంస్థవారు లెక్క తేల్చిరి. మన క్వార్టర్లలో అడిగియుండినయెడల ఆ లెక్క వచ్చియుండునని నేను నమ్మను. వాదము విని మనస్సు మార్చుకొనువారు కొద్దిమందియే. తన యింటి పిల్లవాడో, తనతో షిఫ్టుకు దిగువాడో నోరు విప్పి చెప్పినప్పుడు కలుగు మార్పు వేరు.

2018 తీర్పు వచ్చిన తరువాతి ఆదివారము నేను ప్రసంగపీఠమునుండి అట్టివారిని మిక్కిలి కఠినముగా మాటలాడితిని. కొందరు నవ్విరి. ఆ నవ్వు నాకు హాయిగానే యుండెనని ఒప్పుకొనవలెను. మా సంఘములోని ఒక గని కార్మికుని భార్య ఆ వారమునుండి ఆరాధనకు రాలేదు. రెండు నెలలకు వారి యింటికి వెళ్లితిని. ఆమె టీ ఇచ్చి, గోడవైపు చూచుచు, "అయ్యగారూ, ఆ ముచ్చట మీరు ఎవరి పిలగాన్ని చూసి చెప్పిన్రు?" అని అడిగెను. నేను ఎవరినీ చూచి చెప్పలేదు. ఆమె పెద్దకుమారుడు ముందటి సంవత్సరమే తల్లితో అంతయు చెప్పుకొనియుండెను.

వివాహమును గూర్చి నా సంఘము బోధించునది నేను విడిచిపెట్టలేదు. కాని ఆ ప్రసంగమును మరల చేయలేదు.

బొగ్గు గనులవారికి నామినీ అను మాట విలువ నేను చెప్పనక్కరలేదు. గనిలో మనిషి పోయినప్పుడు భార్య యెవరు, వారసులెవరు అని ఆఫీసులో మొట్టమొదట అడుగుదురు. 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖవారు, స్వలింగ జంటలు ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరచుటకును, ఒకరినొకరు నామినీగా వ్రాసికొనుటకును అడ్డు లేదని తెలిపిరి. రేషను కార్డు విషయములోను వారిని ఒకే కుటుంబముగా ఎంచవలెనని రాష్ట్రములకు సూచన వెళ్లెను.

ఆ తల్లి యిప్పుడు ఆరాధనకు వచ్చుచున్నది. కిందటి క్రిస్మసు తరువాత నన్ను ప్రక్కకు పిలిచి, పట్టణములో ఉద్యోగము చేయుచున్న తన కుమారుడు బ్యాంకు కాగితములో స్నేహితుని పేరు వ్రాయవచ్చునా అని అడిగెను. వ్రాయవచ్చునని చెప్పితిని. ఆమె మరేమియు అడుగలేదు.