మ్యాప్‌లో లేని సీటు: హన్మకొండ పార్లమెంట్ కథ

ఈ ఎపిసోడ్‌ని ఒక చిన్న క్విజ్‌తో మొదలుపెడదాం. 1984 లోక్‌సభ ఎన్నికల్లో బీజేపీకి దేశం మొత్తం మీద వచ్చినవి 2 సీట్లు. గెలిచిన ఆ ఇద్దరు ఎవరు?

చాలామంది టక్కున వాజ్‌పేయి, అద్వానీ అనేస్తారు. కాదండీ. వాజ్‌పేయి ఆసారి గ్వాలియర్‌లో మాధవరావ్ సింధియా చేతిలో ఓడిపోయారు. అద్వానీ అప్పుడు రాజ్యసభలో ఉన్నారు. గెలిచినవాళ్లలో ఒకరు గుజరాత్‌లోని మెహ్‌సానా నుంచి ఏ.కే. పటేల్. రెండో ఆయన మన తెలుగాయనే, చందుపట్ల జంగారెడ్డి. సీటు హన్మకొండ. ఆయన ఓడించింది ఎవర్నో తెలుసా? పీవీ నరసింహారావుని. ఏడేళ్లు తిరక్కుండానే ప్రధాని అయిన మనిషిని!

ఇప్పుడు ఫోన్‌లో లోక్‌సభ నియోజకవర్గాల మ్యాప్ ఓపెన్ చేసి హన్మకొండ వెతకండి. దొరకదు. ఎందుకు లేదో తెలియాలంటే మొదటి నుంచి రావాలి.

హన్మకొండ పేరుతో లోక్‌సభకి తొలి ఎన్నిక 1977లో జరిగింది. ఎమర్జెన్సీ తర్వాత దేశమంతా కాంగ్రెస్‌ని దించేసింది, ఇందిరాగాంధీ కూడా ఓడిపోయారు. కానీ ఆంధ్రప్రదేశ్‌లో సీన్ రివర్స్. 42 సీట్లలో 41 కాంగ్రెస్‌కే. మిగిలిన ఆ ఒక్కటి నంద్యాల, అక్కడ జనతా పార్టీ నుంచి నీలం సంజీవరెడ్డి గెలిచారు. నంద్యాల పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

పీవీ అప్పటిదాకా మంథని ఎమ్మెల్యే. 1957 నుంచి అక్కడే గెలుస్తూ వచ్చారు, మధ్యలో ముఖ్యమంత్రి కూడా అయ్యారు. ఆయన్ని మొదటిసారి లోక్‌సభకి పంపిన సీటు హన్మకొండ. 1980లో మళ్లీ పంపింది, ఆయన విదేశాంగ మంత్రి అయ్యారు. 1984 ఎన్నికలకి వచ్చేసరికి కేంద్ర హోంమంత్రి.

మరి అంత పెద్ద నాయకుడు సొంత గడ్డ మీద ఎలా ఓడిపోయారు?

1984 అక్టోబర్ 31న ఇందిరాగాంధీ హత్య జరిగింది. డిసెంబర్‌లో ఎన్నికలు. దేశమంతా సానుభూతి గాలి, కాంగ్రెస్‌కి 400 దాటాయి. కానీ మన దగ్గర అంతకు నాలుగు నెలల ముందే ఇంకో కథ నడిచింది. ఆగస్టులో ఎన్టీఆర్‌ని ముఖ్యమంత్రి పదవి నుంచి దించేశారు, నాదెండ్ల భాస్కరరావుని కూర్చోబెట్టారు. జనం రోడ్డెక్కారు. నెల రోజులకే ఎన్టీఆర్ తిరిగొచ్చారు. ఆ కోపం ఇంకా చల్లారలేదు. అందుకే ఇక్కడ టీడీపీకి 30 సీట్లు, కాంగ్రెస్‌కి 6.

అయితే హన్మకొండలో గెలిచింది సైకిల్ కాదు కదా అని మీకు డౌట్ రావచ్చు. కాంగ్రెస్ వ్యతిరేక ఓటు చీలకూడదని టీడీపీ కొన్ని సీట్లు మిత్రపక్షాలకి వదిలింది. హన్మకొండ అలా బీజేపీకి వెళ్లింది. జంగారెడ్డి కూడా కొత్త ముఖం కాదు. జనసంఘ్ రోజుల నుంచి ఆ ప్రాంతంలో తిరిగిన మనిషి, అంతకుముందే ఎమ్మెల్యేగా గెలిచారు. లోకల్ పరిచయాలు ఆయనవి, గాలి ఎన్టీఆర్‌ది. రెండూ కలిశాయి. మెజారిటీ 54 వేలకు పైనే.

పీవీ ఆసారి రెండు చోట్ల పోటీ చేశారు. మహారాష్ట్రలోని రాంటెక్ గెలిపించింది. మరాఠీ బాగా వచ్చిన మనిషి కాబట్టి అక్కడ పరాయివాడు అనిపించుకోలేదు. 1989లోనూ రాంటెకే. 1991లో అసలు పోటీయే చెయ్యలేదు. కానీ రాజీవ్ గాంధీ హత్య తర్వాత ప్రధాని అయ్యారు. ఆరు నెలల్లో ఎంపీ కావాలి. అప్పుడు నిలబడింది నంద్యాలలో. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీఆర్ అభ్యర్థినే పెట్టలేదు. 5 లక్షల 80 వేలకు పైగా మెజారిటీ వచ్చింది. ఒకప్పుడు కాంగ్రెస్‌కి దక్కని ఒకే ఒక్క సీటు, కాంగ్రెస్ ప్రధానిని లోక్‌సభకి పంపింది. హన్మకొండకి అప్పటికే కాంగ్రెస్ నుంచి కమాలుద్దీన్ అహ్మద్ ఎంపీ.

ఆ తర్వాత 1998, 1999లో టీడీపీ నుంచి చాడ సురేష్ రెడ్డి గెలిచారు. 2004లో టీఆర్ఎస్ నుంచి బి. వినోద్ కుమార్. తెలంగాణ కోసం 2008లో టీఆర్ఎస్ ఎంపీలు రాజీనామా చేస్తే ఉపఎన్నిక వచ్చింది, హన్మకొండ మళ్లీ ఆయన్నే గెలిపించింది. ఒక్కసారి లెక్కేయండి: కాంగ్రెస్, బీజేపీ, టీడీపీ, టీఆర్ఎస్. ఎవరికీ పర్మనెంట్‌గా రాసివ్వలేదు.

ఆ ఉపఎన్నికే ఈ సీటుకి చివరిది. 2001 జనాభా లెక్కల ప్రకారం డీలిమిటేషన్, అంటే నియోజకవర్గాల పునర్విభజన జరిగింది. రాష్ట్రానికి 42 సీట్లు అలాగే ఉంచారు, లోపలి గీతలు మార్చారు. హన్మకొండ, సిద్దిపేట, మిర్యాలగూడ పోయాయి. మల్కాజిగిరి, చేవెళ్ల, భువనగిరి లాంటివి వచ్చాయి. హైదరాబాద్ చుట్టూ జనం పెరిగారు కాబట్టి సీట్లూ అటు జరిగాయి. హన్మకొండ అసెంబ్లీ సీటు పేరు కూడా పోయింది, వరంగల్ పశ్చిమ వచ్చింది. 2021లో వరంగల్ అర్బన్ జిల్లాకి హన్మకొండ అని పేరు పెట్టారు. అంటే ఇప్పుడు జిల్లా ఉంది, సీటు లేదు.

నా పాత ఉద్యోగం భాషలో చెప్పాలంటే, టేబుల్ డిలీట్ చేశారు కానీ అందులోని డేటా వేరే టేబుళ్లలోకి వెళ్లింది. ఓటర్లు ఎక్కడికీ పోలేదు, పక్క సీట్లలో కలిశారు. పోయింది ఒక్కటే: ఆ జనం అంతా కలిసి ఒకే మాట చెప్పే అవకాశం. 1984లో ఒక హోంమంత్రిని ఇంటికి పంపిన ఆ గుంపు, ఇంకెప్పుడూ ఒక గుంపుగా ఓటెయ్యదు.

ఇది పాత కథే కదా అని స్క్రోల్ చెయ్యకండి. రాష్ట్రాలవారీగా సీట్ల సంఖ్య మీద ఉన్న ఫ్రీజ్, 2026 తర్వాత జరిగే మొదటి జనాభా లెక్కల దాకానే. ఆ తర్వాత మళ్లీ గీతలు గీస్తారు. దక్షిణాదికి ఎన్ని సీట్లు అన్న గొడవ టీవీలో రోజూ చూస్తున్నారు. దాంతోపాటు మీ మండలం ఏ సీటులోకి వెళ్తుందో కూడా చూడండి. డీలిమిటేషన్ కమిషన్ ఆర్డర్ ఒకసారి బయటికి వచ్చాక కోర్టుకి వెళ్లి మార్పించుకోవడం దాదాపు కుదరదు. ముసాయిదా పెట్టి అభ్యంతరాలు అడుగుతారు చూడండి, నోరు తెరవాల్సింది అప్పుడే.

మీ ఇంట్లో 1984లో ఓటేసినవాళ్లు ఉంటే, అప్పుడు ఎవరికి వేశారో, ఎందుకు వేశారో అడిగి కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.