గాలిలో వంతులు

గాలిలో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఇద్దరి మాటా చెడుతుంది. కరీంనగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్ గోడకున్న వైఫై డబ్బా, అంటే యాక్సెస్ పాయింట్, పొద్దంతా ఈ చిక్కుతోనే కుస్తీ పడుతుంది. దానికి ఒకవైపు ఇంటర్నెట్ కేబుల్, మరోవైపు రేడియో. హాలులో ఎన్ని ఫోన్లున్నా, మామూలు వైఫైలో ఒక చానల్ మీద ఒక క్షణంలో ఒక్కరే పంపాలి.

ఈ వంతుల పద్ధతికి 1971లో హవాయి దీవుల్లో పునాది పడింది. హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం దీవుల మధ్య కంప్యూటర్లను రేడియోతో కలిపి ‘అలోహా’ నెట్‌వర్క్ నడిపింది. నియమం సాదాసీదా. సమాచారం ఉంటే పంపెయ్యాలి. అందిందని జవాబు రాకపోతే మరొకరి సమాచారంతో ఢీకొందని లెక్క. కాసేపు ఆగి మళ్లీ పంపాలి. ఎంతసేపన్నది ఎవరికి వారే యాదృచ్ఛికంగా ఎంచుకోవాలి, లేకుంటే ఇద్దరూ మళ్లీ ఒకేసారి లేస్తారు.

1985లో అమెరికా 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌ను లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చింది. 1997లో వైఫైకి మూలమైన 802.11 ప్రమాణం వచ్చింది. అందులో ఓపిక చేరింది: ముందు వినాలి, గాలి ఖాళీగా ఉంటేనే పంపాలి. మన దేశం 2005 జనవరిలో ఆ బ్యాండ్‌కు లైసెన్సు అక్కర్లేదంది.

గదుల కోసం పుట్టిన ఈ చవక రేడియోతో ఊళ్లను కలపలేమా? ఐఐటీ కాన్పూర్ పరిశోధకులు గంగా మైదానంలో ఆ పని మొదలుపెట్టారు. తెలుగునాట పశ్చిమ గోదావరి పల్లెల్లో బైర్రాజు ఫౌండేషన్ ‘అశ్విని’ నెట్‌వర్క్ తలపెట్టింది. వీడియోలో పాఠాలు, వైద్య సలహాలు పల్లెకు చేర్చడం దాని ఉద్దేశం.

దూరం పెరిగేసరికి పాత నియమాలు తిరగబడ్డాయి. రేడియో తరంగం కిలోమీటరు దాటడానికి 3 మైక్రోసెకన్లకు పైగా పడుతుంది. 20 కిలోమీటర్లు పోయి రావాలంటే సుమారు 133. జవాబు కోసం ఆగడానికి గది దూరాలకు సరిపెట్టిన గడువు అప్పటికే ముగిసి, అందిన సమాచారాన్నే రేడియో మళ్లీ పంపుతుంది. ఈ గడువును పెంచుకోవచ్చు. అసలు చిక్కు టవర్ మీద ఉంది. ఒకే టవర్ నుంచి రెండు ఊళ్ల వైపు రెండు యాంటెనాలుంటే, ఒకటి పంపుతున్నప్పుడు రెండోదానికి దూరపు ఊరి సంకేతం వినబడదు. చెవి పక్కనే మైకు సెట్టు మోగుతుంటే అవతలి గట్టు మనిషి పిలుపు వినబడుతుందా?

2005లో ఐఐటీ కాన్పూర్‌కే చెందిన భాస్కరన్ రామన్, కామేశ్వరి చెబ్రోలు దీనికి ‘2పీ’ అనే విరుగుడు చూపారు. ఒక టవర్ మీది యాంటెనాలన్నీ కలిసి పంపాలి, తర్వాత కలిసి వినాలి. ఈ టవర్ పంపేటప్పుడు పక్క టవర్లన్నీ వినాలి. ముందు విని తర్వాత పంపడమనే పద్ధతినే వదిలేశారు! ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చిన తెగువ ఇదే.

గోదావరి డెల్టా పొలాల మీద టవర్‌కు టవర్ కనబడుతుంది. ఆదిలాబాద్‌లో, ఉట్నూరు దాటితే గుట్టలు అడ్డం. ఆకుల్లోని నీరు ఈ తరంగాన్ని పీల్చేస్తుంది, వానాకాలపు టేకు అడవి మరీను. మిషన్ భగీరథ తాగునీటి పైపుల కందకాల్లోనే టీ-ఫైబర్ ఇంటర్నెట్ కేబుల్ గొట్టాలు వేయడం అందుకే మంచి ఆలోచన. తీగ పోలేని గూడేలకు మాత్రం గుట్ట నెత్తిన టవరు, దానికో సోలార్ పలక పెట్టి చూడాల్సిందే.