తొలి ఇస్లామీయ పాలనలో అధికారుల తనిఖీ

ప్రజల సొమ్మును వసూలు చేసి పంచే అధికారిని మరొకరు విచారించాలనే సూత్రం ఆధునిక ప్రభుత్వాలతోనే పుట్టిందని పలువురు భావిస్తారు. ఇస్లాం చరిత్రలో దీని మూలాలు మదీనా నాటి జకాత్ వసూళ్ళలోనే కనిపిస్తాయి.

అజ్ద్ తెగకు చెందిన ఇబ్నుల్ లుత్‌బియ్యాను దైవప్రవక్త ముహమ్మద్ (స) బనూ సులైమ్ వారి జకాత్ వసూలుకు పంపారు. అతడు తిరిగి రాగానే లెక్క అడిగారు. అతడు తెచ్చినదాన్ని రెండుగా విడదీసి, ఒక భాగం జకాత్ సొమ్మనీ, రెండవది తనకు వచ్చిన కానుక అనీ చెప్పాడు. తల్లిదండ్రుల ఇంట కూర్చుని ఉంటే ఆ కానుక వచ్చేదా అని దైవప్రవక్త (స) ప్రశ్నించారు. అంతటితో ఊరుకోక, మింబర్ ఎక్కి ప్రజలందరి ఎదుట ఈ విషయం ప్రస్తావించారు. బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండింటిలోనూ ఈ సంఘటన ఉన్నది. ఇక్కడ అధికారి దేనినీ దాచలేదు. అయినప్పటికీ, పదవి మూలంగా చేతికి వచ్చినది స్వంత సొమ్ము కాజాలదని తేలిపోయింది.

హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ (హి. 13-23, క్రీ.శ. 634-644) కాలంలో ఇరాక్, సిరియా, ఈజిప్టుల రాబడి బైతుల్ మాల్‌కు చేరసాగింది. పేర్లు వ్రాసి, వేతనాలు పంచేందుకు దీవాన్ ఏర్పడింది. సొమ్ము పెరిగినకొద్దీ తనిఖీ కూడా పెరిగింది. గవర్నరును నియమించేటప్పుడే అతని ఆస్తిని వ్రాయించి ఉంచేవారు. తర్వాత కొందరి ఆస్తి పెరిగినట్లు కనిపించగా, అందులో సగం బైతుల్ మాల్‌లో జమచేయించారని చరిత్రకారులు వ్రాశారు. ఇటువంటి విచారణలకు ఎక్కువగా వెళ్ళినవారు అన్సారీ సహాబీ ముహమ్మద్ ఇబ్ను మస్లమా (రజి). ఈజిప్టు గవర్నరు అమ్ర్ ఇబ్నుల్ ఆస్ (రజి) ఆస్తి లెక్క చూడటానికి వెళ్ళినది కూడా ఆయనే.

వీటిలో కూఫా విచారణ ప్రత్యేకంగా గమనించదగినది. అక్కడి గవర్నరు సఅద్ ఇబ్ను అబీ వఖ్ఖాస్ (రజి) ఖాదిసియ్యా విజేత. స్వర్గ శుభవార్త పొందిన పదిమందిలో ఒకరు. ఆయన నమాజు కూడా సరిగా చేయించడం లేదని కూఫావాసులు కొందరు ఫిర్యాదు చేశారు. అంతటి వ్యక్తిపై వచ్చిన ఫిర్యాదును ఖలీఫా తోసిపుచ్చలేదు. విచారణకు వెళ్ళినవారు గవర్నరు భవనంలో కూర్చుని కాగితాలు చూడలేదు; కూఫాలోని ఒక్కొక్క మస్జిదుకూ వెళ్ళి ప్రజలను అడిగారు. అంతటా మంచిమాటే వినిపించింది. ఒక్కచోట మాత్రం ఒక వ్యక్తి లేచి, సఅద్ (రజి) సైన్యంతో వెళ్ళరనీ, సొమ్ము సమంగా పంచరనీ, తీర్పులో న్యాయం చూపరనీ ఆరోపించాడు. ఆ మాటను కూడా విన్నారు. హజ్రత్ ఉమర్ (రజి) ఆయనను పదవి నుండి తప్పించిన మాట నిజమే. కాని మరణశయ్యపై ఉన్నప్పుడు, అసమర్థత వల్లగాని ద్రోహం వల్లగాని ఆయనను తొలగించలేదని స్పష్టం చేసి, తదుపరి ఖలీఫాను ఎన్నుకొనే ఆరుగురిలో ఆయన పేరు చేర్చారు. తప్పును పట్టడం ఎంత అవసరమో, తప్పు లేనివాని గౌరవం నిలపడం కూడా అంతే అవసరమని ఈ ఉదంతం తెలుపుతున్నది.

హజ్ సమయంలో గవర్నర్లు హాజరు కావలసి ఉండేది. అక్కడ సామాన్యుడు సైతం వారి ఎదుటనే ఫిర్యాదు చేయవచ్చు. తన అధికారి అన్యాయంగా నూరు కొరడా దెబ్బలు కొట్టాడని ఒకరు లేచి చెప్పగా, హజ్రత్ ఉమర్ (రజి) అతనికి ప్రతీకార హక్కు ఇచ్చారు. ఇది గవర్నర్ల అధికారానికి భారమవుతుందని అమ్ర్ (రజి) అభ్యంతరం చెప్పారు. ఖలీఫా వెనుదీయలేదు. చివరకు దెబ్బకు రెండు దీనారుల చొప్పున రెండు వందల దీనారులు చెల్లించి బాధితుణ్ణి సమ్మతింపజేశారు.

అయితే ఈ ఏర్పాటు చాలావరకు ఖలీఫా వ్యక్తిత్వంపైనే నిలిచింది. ఆయన తర్వాత కూడా అది నిలవాలంటే వ్యవస్థ కావాలి. ఈజిప్టు ఖాజీ తౌబా ఇబ్ను నమిర్ హి. 118 (క్రీ.శ. 736)లో వక్ఫులకు ప్రత్యేక దీవాన్ నెలకొల్పారు. పేదలకు చేరవలసిన ఆస్తి వాటిని చూసేవారి చేతుల్లో కరిగిపోకుండా కాపాడటమే ఆయన ఉద్దేశం. అబ్బాసీ ఖలీఫా మహ్దీ హి. 162లో దీవానుల లెక్కలు సరిచూసే ‘జిమామ్’ శాఖలను ఏర్పరచాడు, హి. 168లో ఆ శాఖలన్నిటిపైన మరొక తనిఖీ శాఖ వచ్చింది. ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) హారూన్ రషీద్ కోసం వ్రాసిన ‘కితాబుల్ ఖరాజ్’లో, నమ్మకస్తులైన సజ్జనులను పంపి పన్ను అధికారుల నడవడిని విచారించాలనీ, అధికంగా తీసుకొన్నది రాబట్టాలనీ సలహా ఇచ్చారు.

మన దేశంలో 1995 నాటి వక్ఫ్ చట్టం 47వ సెక్షన్ కూడా వక్ఫు లెక్కల ఆడిట్‌ను నిర్దేశించింది. లెక్క అడిగినందుకు నొచ్చుకొనే ముతవల్లీలూ, మసీదు కమిటీ పెద్దలూ కూఫా సంఘటనను గుర్తుచేసుకోవాలి. సఅద్ (రజి) వంటివారే విచారణకు అతీతులు కానప్పుడు, వేరెవరు కాగలరు? మస్జిదు మస్జిదుకూ వెళ్ళి అడిగిన ఆ విచారణే ఆయన నిర్దోషిత్వానికి చరిత్రలో సాక్ష్యంగా నిలిచింది.