హైదరాబాదు గులాం అహ్మద్: ఆటగాడు, అధికారి

గ్రామమునందు పదిమంది పెద్దలు చేరి ఒక కార్యమును నడపుట మీకు క్రొత్త కాదు. చెరువునీటి వంతులు గాని, గుడి ఉత్సవము గాని, సహకార సంఘపు లెక్కలు గాని, పెద్దల మాట నిలుకడగా నున్నచో పని సాగును. పూటకొక మాట యయినచో పని చెడును. పనివాని మనస్సు అంతకు మున్నే చెడును. దీనికి నిదర్శనముగా నేడు మీకు ఒక క్రీడాకారుని చరిత్ర చెప్పదలచితిని. ఆయన పేరు గులాం అహ్మద్. 1922వ సంవత్సరము జులై 4వ తేదీన హైదరాబాదునందు జన్మించి, 1998వ సంవత్సరము అక్టోబరు 28వ తేదీన ఆ నగరమునందే కన్నుమూసెను. ఆయన భారతదేశపు క్రికెట్ జట్టున ఆటగాడుగాను, నాయకుడుగాను నుండి, పిమ్మట జట్టునకు నిర్వాహకుడై, క్రికెట్ బోర్డునకు కార్యదర్శియై, తుదకు ఆటగాండ్రను ఎంచు సంఘమునకు అధ్యక్షుడయ్యెను. తీర్పు పొందినవాడును ఆయనయే. తీర్పు చెప్పినవాడును ఆయనయే.

ఈ చరిత్రపై నాకు మక్కువ కలుగుటకు స్వంత కారణ మొకటి కలదు, దానిని దాచను. చాల యేండ్ల క్రిందట మా ప్రాంతపు బాలుర ఆటల పోటీకి జట్టును ఎంచు సంఘములో నేనును ఒక సభ్యుడనుగా నుంటిని. రేపు ఆట యనగా, ఆ రాత్రి మేము జట్టు నాయకుని మార్చితిమి. కారణమేమని ఆ బాలుడు అడుగలేదు, మేమును చెప్పలేదు. మరునాడు అతడు తల వంచుకొని ఆడెను. ఆ తరువాత ఎన్నడును మైదానమున కనబడలేదు. ఆ నిర్ణయమునకు చేయెత్తినవారిలో నేనొకడను. గులాం అహ్మద్‌గారి జీవితమును చదివినప్పుడెల్ల ఆ బాలుడు నాకు జ్ఞప్తికి వచ్చుచుండును.

క్రికెట్ ఆట మీలో పలువు రెరిగినదే. బ్యాటు పట్టినవానిని వెడలగొట్టుటయే వికెట్టు తీయుట. దేశమునకును దేశమునకును నడుమ కొన్ని దినములపాటు సాగు పెద్ద ఆటను టెస్టు అందురు. గులాం అహ్మద్ పొడగరి. చేతిని నిలువునకెత్తి, వ్రేళ్లతో మెలిత్రిప్పి ఆయన విడిచిన బంతి, నేలను తాకిన పిదప కుడిచేతి ఆటగాని కాళ్లవైపునకు మరలెడిది. దీనిని ఆఫ్ స్పిన్ అందురు. ఇది బలముతో నడచు విద్య కాదు. ఓరిమితో నడచు విద్య. ఆయన ఓరిమి యెంతటిదో ఒక్క లెక్క చెప్పును. 1950-51లో రంజీ పోటీయందు హైదరాబాదు జట్టు హోల్కరు జట్టును ఎదుర్కొనెను. అది మన తెలుగువాడైన సి.కె. నాయుడుగారు తీర్చిదిద్దిన జట్టు. ఆ ఆటలో ఒక్క ఇన్నింగ్సునందే గులాం అహ్మద్ 555 బంతులు వేసెను. 245 పరుగులిచ్చి, దక్కించుకొన్నవి 4 వికెట్లు. కాడి దించక దున్నిన ఎద్దువంటి శ్రమ యది, ఫలమో, స్వల్పము.

1948 డిసెంబరు 31న కలకత్తాలో ఆరంభమైన టెస్టులో వెస్టిండీసుపై ఆయన మొదటిసారి భారతదేశము పక్షమున ఆడెను. 1952 ఫిబ్రవరిలో మదరాసునందు మన దేశము ఇంగ్లండును ఓడించి మొట్టమొదటి టెస్టు విజయము పొందెను. ఆనాడు వినూ మన్కడ్ ఆట మొత్తమున 12 వికెట్లు తీయగా, రెండవ ఇన్నింగ్సున గులాం అహ్మద్ 4 తీసెను. ఆ సంవత్సరమే అక్టోబరులో ఢిల్లీయందు పాకిస్తానుతో మొదటి టెస్టు జరిగెను. తొమ్మిది వికెట్లు పడిన పిదప, బ్యాటు పట్టుటలో పేరులేని ఈ బంతిగాడు హేమూ అధికారికి తోడు నిలిచి, ఇరువురును 109 పరుగులు కూడబెట్టిరి. అందులో గులాం అహ్మద్‌గారివి 50. ఆ ఆట మనవారు గెలిచిరి. 1956లో కలకత్తాయందు ఆస్ట్రేలియాపై 49 పరుగులకే 7 వికెట్లు తీసెను. ఐనను ఆ ఆట మనవారు ఓడిరి. మొత్తము 22 టెస్టులలో ఆయన తీసిన వికెట్లు 68.

నాయకత్వము ఆయనకు తొలుత 1955 నవంబరులో తన ఊరనే లభించెను. హైదరాబాదులో జరిగిన మొదటి టెస్టు అదియే. ఫతే మైదానమున న్యూజీలాండుతో ఆట. పాలీ ఉమ్రీగర్ 223 పరుగులు చేసెను. ఆట ఎవరికిని గెలుపు లేక ముగిసెను. తరువాతి టెస్టునకు నాయకుడు మారెను.

ఇక 1958-59 వత్సరమునకు వచ్చెదను. వెస్టిండీసు జట్టు మన దేశమునకు వచ్చెను. వారి వేగపు బంతులు మనవారికి భయము గొల్పుచుండెను. ఐదు టెస్టులు ఆడవలసియుండగా, మొదటి ఆటకు నాయకుడు ఉమ్రీగర్. రెండవ, మూడవ ఆటలకు గులాం అహ్మద్. నాలుగవ ఆటకు మరల ఉమ్రీగర్‌ను నియమించిరి. కాని ఎవరిని ఆడింపవలెనను విషయమున అధికారులతో తగవు పడి, ఆట ముందటి రాత్రియే ఆయన తప్పుకొనెను. ఆ స్థానమున మన్కడ్ నిలిచెను. ఐదవ ఆటకు హేమూ అధికారి. ఐదు ఆటలకు నలుగురు నాయకులు! నాగలి మేడిని చాలుకొకరు పట్టిన చేను ఎట్లుండునో మీకు నేను చెప్పనక్కరలేదు. మూడు ఆటలలో ఓడితిమి; ఒక్కటియు గెలువలేదు.

గులాం అహ్మద్‌గారికి మిక్కిలి కష్టమైనది మూడవ ఆట. కలకత్తాలో ఒక ఇన్నింగ్సు, 336 పరుగుల తేడాతో ఓటమి. అది ఆరంభమైన దినము 1958 డిసెంబరు 31. సరిగా పదియేండ్లకు పూర్వము, అదే తేదీన, అదే ఊర, అదే దేశముపై ఆయన మొదటి టెస్టు ఆడియుండెను. ఆ ఆటతోనే టెస్టు క్రికెట్ చాలించెను. పరంపర ముగియకమునుపే నాయకుడు విడిచిపోవుట తగునా యని మీరడుగవచ్చును. తగదనియే నేనును తలచెదను. కాని నాయకుని పదవి ఎన్నినాళ్లుండునో నాయకునికే తెలియని చోట, నిలుమని అతనిని ఎవరు అడుగగలరు?

అట్లు విడిచినవాడు ఆటకు దూరము కాలేదు. హైదరాబాదు క్రికెట్ సంఘమునకు పెక్కేండ్లు కార్యదర్శిగా నుండెను. 1962లో మన జట్టు వెస్టిండీసు దీవులకు పోయినప్పుడు నిర్వాహకుడుగా వెడలెను. అచ్చట మార్చి నెలలో, బార్బడోసు జట్టుతో ఆడుచుండగా, మన నాయకుడు నారీ కాంట్రాక్టరు తలకు చార్లీ గ్రిఫిత్ వేసిన బంతి తగిలెను. కపాలము చిట్లి, ప్రాణము నిలుచుట సందేహమయ్యెను. శస్త్రచికిత్స చేయవలసివచ్చెను. వెస్టిండీసు జట్టు నాయకుడు ఫ్రాంక్ వరెల్ రక్తమిచ్చెను. మన ఆటగాండ్రును ఇచ్చిరి. కాంట్రాక్టరు బ్రదికెను, కాని మరల టెస్టు ఆడలేదు. 21 ఏండ్ల పటౌడీ నవాబు నాయకుడయ్యెను. ఆ పర్యటనలో ఐదు టెస్టులును ఓడితిమి. ఇల్లు వేల మైళ్ల దూరమున నుండగా, ఒక గదిలో చావుబ్రదుకుల నడుమ నాయకుడు, మరియొక గదిలో బెదరిన యువకులు. ఆ నిర్వాహకుని రాత్రులు ఎట్లు గడచెనో ఊహింపుడు. అధికార మనగా పేరుపలక కాదని ఆయన అచ్చట నేర్చియుండునని నా తలంపు.

1975 నుండి 1980 వరకు ఆయన భారత క్రికెట్ బోర్డు కార్యదర్శి. ఆ కాలమున, 1979లో, పాకిస్తాను జట్టు మన దేశమునకు అతిథిగా వచ్చెను. దాని నాయకుడు ఆసిఫ్ ఇక్బాల్ హైదరాబాదున పుట్టినవాడు, గులాం అహ్మద్‌గారికి మేనల్లుడు. 1952లో పాకిస్తానుపై ఏబది పరుగులు చేసినవాని మేనల్లుడే ఆ దేశపు నాయకుడై వచ్చెను. దేశవిభజన కుటుంబములను ఎట్లు పంచెనో ఇంతకంటె చెప్పనేల?

ఇచ్చట ఒక మాట నిజాయితీగా చెప్పవలెను. ఆయన కార్యదర్శిగా నున్న ఆ 1979లోనే, మన జట్టు ఇంగ్లండునుండి విమానమున మరలివచ్చుచుండగా, వెంకటరాఘవన్‌ను తొలగించి గవాస్కరును నాయకునిగా చేసిన వార్త ఆకాశముననే ప్రకటింపబడెను. నాయకుని ఎంచుట కార్యదర్శి పని కాదు. అది వేరొక సంఘము పని. ఐనను, తాను పడిన బాధను ఎరిగినవాడు పీఠమున నున్నంత మాత్రమున పాత వాడుక మారదని దీనివలన తెలియుచున్నది. అలవాటు మనుష్యునికంటె బలమైనది.

తుదకు ఎంపిక పనియే ఆయన చేతికి వచ్చెను. 1982-83లో మనవారు పాకిస్తానులో ఘోరముగా ఓడిరి. ఆయన అధ్యక్షతనున్న సంఘము గవాస్కరును దించి, 24 ఏండ్ల కపిల్ దేవ్‌ను నాయకునిగా నిలిపెను. ఆ కొత్త నాయకుడును వెస్టిండీసులో టెస్టు పరంపరను 2-0గా ఓడెను. 1958-59 నాటి పద్ధతియే యయినచో, మరల నాయకుడు మారవలసినదే. ఈసారి మారలేదు. బెర్బిస్ అను చోట ఒకనాటి ఆటలో వెస్టిండీసును కపిల్ జట్టు ఓడించియుండెను. ఆ మొలకను వారు చూచియుందురు. ఓడినవానినే నమ్మి, ప్రపంచ కప్పునకు పంపిరి. దానికి నిర్వాహకుడుగా పోయిన పి.ఆర్. మాన్‌సింగ్ కూడ హైదరాబాదువాడే. అంతకుముందు రెండు ప్రపంచ కప్పులలో కలిపి మనవారు గెలిచినది ఒక్క ఆట. 1983 జూన్ 18న జింబాబ్వేపై 17 పరుగులకే ఐదు వికెట్లు పడగా, కపిల్ 175 పరుగులు చేసి జట్టును గట్టెక్కించెను. జూన్ 25న లార్డ్స్ మైదానమున మనవారు 183 పరుగులకే ముగిసి, వెస్టిండీసును 140కి ఆపి, 43 పరుగులతో గెలిచిరి.

ఆ విజయము ఆటగాండ్రది. సంఘములో కూర్చున్నవారు బంతి వేయలేదు, బ్యాటు పట్టలేదు. వారు చేసినది ఒక్కటే: ఒకమారు ఆలోచించి నాయకుని మార్చిరి, మార్చిన పిదప మొదటి ఓటమికి బెదరలేదు. మరుసటి సంవత్సరమే నాయకత్వము మరల చేతులు మారినది. అది వేరొక కథ. కాని ఆ కొద్ది నెలల నిలుకడ చాలెను.

నాటి రాత్రి మా సంఘములో ఒక్కరైనను “ఇంకొక ఆట చూతము” అని యుండిన బాగుండెడిది. ఆ యొక్కడను నేనే కాగలిగియుంటిని, కాలేదు. మీ ఊరి బడి మైదానమున నేడు ఏ బాలుడో జట్టును నడపుచుండును. అతడు ఓడిన నాడు పెద్దలలో ఎవరైనను అతని ప్రక్కకు పోయి కూర్చుండవలెనని నా మనవి. మార్చవలసివచ్చినను, కారణము అతనికి ముందు చెప్పుడు. అంతకంటె ఎక్కువ నేను కోరను.