మద్రాసు అర్జీ, మన్యం ఫితూరీ

అర్జీ అనగానే మన పిల్లల కళ్లముందు మెదిలేవి ఐటీడీఏ కార్యాలయం వరండా, మడతపెట్టి తెచ్చిన తెల్లకాగితం, దాని మీద పడే ముద్ర. ఆ కాగితానికి పాత చరిత్ర ఉంది. ఒక తెలుగాయన ముందుండి నడిపించిన అర్జీ ఒకటి 1852లో మద్రాసులో తయారై లండన్ పార్లమెంటు దాకా వెళ్లింది. అది ఏం అడిగింది, ఏం సాధించింది, మన కొండల దాకా ఎందుకు రాలేదు అన్నది ఈ ప్రత్యేక సంచికలో మన తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ చెప్పాలనుకున్నాం.

ఆయన పేరు గాజుల లక్ష్మీనరసు సెట్టి. మద్రాసులో నీలిమందు, బట్టల వ్యాపారం చేసే తెలుగు కుటుంబంలో 1806లో పుట్టారు. 1844లో ‘క్రెసెంట్’ అనే ఇంగ్లీషు పత్రిక పెట్టారు. 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్‌ను స్థాపించారు. ఆ ఏడాదినే ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. అప్పుడు మనల్ని పాలిస్తున్నది ఈస్టిండియా కంపెనీ. దానికి పార్లమెంటు 20 ఏళ్లకోసారి అధికార పత్రం ఇచ్చేది. 1833లో ఇచ్చిన గడువు 1853లో తీరుతుంది. కంపెనీ పాలన ఎలా ఉందో పార్లమెంటు ఆలోచించక తప్పని సమయం అదొక్కటే. అదను చూసి అడగడం కూడా ఒక తెలివే.

ఆ అర్జీలో కష్టాలు, కోరికలు రెండూ ఉన్నాయి. పన్నులు భారంగా ఉన్నాయి, వాటిని వసూలు చేసే తీరు ఇంకా ఘోరంగా ఉంది. కంపెనీ కోర్టులు చాలవు, ఆలస్యం చేస్తాయి, ఖర్చు భరించలేం. ఇవి కష్టాలు. రోడ్లు, వంతెనలు, సాగునీటి పనులు, పిల్లలకు మంచి చదువు కావాలి. ఇవి కోరికలు. గుంటూరు సీమలో వేలమందిని పొట్టనబెట్టుకున్న నందన కరువు ముగిసి అప్పటికి ఇంకా 20 ఏళ్లే. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై సరిగ్గా 1852లోనే పూర్తయింది. నీళ్లిస్తే నేల ఎలా మారుతుందో కళ్లముందు కనబడుతున్న కాలం అది. కాబట్టి కాలువలు అడగడం దానం అడగడం కాదు. కట్టిన పన్నులోంచి కొంత మాకే తిరిగి ఖర్చుపెట్టండి అని అడగడం.

సంతకాలు చేసినవాళ్లలో నాగలి పట్టినవాళ్లు తక్కువ, పట్నం వర్తకులు, భూస్వాములు ఎక్కువ. వాళ్ల లాభమూ ఇందులో ఉంది. అయినా శిస్తు కోసం రైతును చిత్రహింసలు పెడుతున్నారన్న మాటను ఆ పెద్దమనుషులు దాచలేదు. దానికి మేము వాళ్లను గౌరవిస్తాం.

పార్లమెంటు 1853లో కంపెనీ పాలనను కొనసాగిస్తూనే చట్టం చేసింది. అర్జీ ఓడిపోయినట్టే కనిపించింది. కానీ హింసల మాట మాత్రం అక్కడ గుచ్చుకుంది. డాన్బీ సేమూర్ అనే పార్లమెంటు సభ్యుడు స్వయంగా మద్రాసు వచ్చారు. లక్ష్మీనరసు ఆయన్ని వెంటబెట్టుకుని పల్లెలు తిప్పి చూపించారు. 1854లో సేమూర్ పార్లమెంటులో ఈ విషయం లేవనెత్తితే, అలాంటిదేమీ లేదని వాదించినవాళ్లూ ఉన్నారు. చివరికి ఆ ఏడాదే మద్రాసులో విచారణ కమిషన్ వేయక తప్పలేదు.

కమిషన్ మద్రాసులోనే కూర్చుంది. గడువు కొద్ది నెలలే. అయినా వెయ్యిమందికి పైగా ఫిర్యాదు చేశారు. కొందరు వందల మైళ్లు నడిచి వచ్చారు. వేళ్లను కర్రల మధ్య పెట్టి నొక్కే ‘కిట్టీ’, మెడనూ కాళ్లనూ కలిపి వంచి తాడుతో కట్టేయడం, ఎండలో నిలబెట్టడం, ఇవన్నీ 1855 నివేదికలో అచ్చయ్యాయి. కమిషన్ సభ్యులు ముగ్గురూ ఇంగ్లీషువాళ్లే.

ఆ నివేదికలో మా మనసుకు తగిలింది ఇంకొకటి. జనం ఇన్నాళ్లూ ఎందుకు అర్జీ పెట్టుకోలేదంటే, కలెక్టరుకు రాసిన కాగితం మామూలుగా ‘తహసీల్దారును కలవండి’ అన్న రాతతో తిరిగి వస్తుందని వాళ్ల భయం. ఆ తహసీల్దారే శిస్తు వసూలు చేసేవాడు, పోలీసు అధికారమూ ఆయనదే, కొట్టించిందీ ఆయనే! కొట్టినవాడి దగ్గరికే కాగితం తిరిగి చేరే దారిని కమిషన్ గుర్తించింది. జరిగిన హింస కన్నా, దానికి న్యాయం దొరకడం ఇంత కష్టమవడమే తమను ఎక్కువ బాధించిందన్న అర్థంలో రాసింది. లండన్ దాకా వెళ్లిన అర్జీ బలం ఇంగ్లీషు భాషలో లేదు. ఆ తహసీల్దారును దాటి వెళ్లడంలో ఉంది. తర్వాత 1859లో వచ్చిన 24వ చట్టం మద్రాసు రాష్ట్రంలో పోలీసులను శిస్తు వసూలు నుంచి వేరు చేసింది.

మన పెద్దలు ఎరిగిన 24వ చట్టం మాత్రం వేరే. అది 1839 నాటిది. గంజాం, విశాఖ జిల్లాల కొండప్రాంతాలను మామూలు చట్టాల నుంచి తప్పించి, కలెక్టరునే గవర్నరు ఏజెంటుగా పెట్టింది. ఏజెన్సీ అన్న మాట మనకు అక్కడినుంచే వచ్చింది. కొండల్లో పన్ను, పోలీసు, న్యాయం అన్నీ ఆ ఒక్కరి చేతిలోనే. ఆయన మీద ఎవరికి చెప్పుకోవాలి?

గోదావరి జిల్లాలోని రంపదేశం సంగతి ఇంకో రకం. అక్కడ మామూలు కోర్టులే పనిచేసేవి, కానీ అవి కింద పల్లంలో ఉండేవి. అప్పిచ్చిన వర్తకుడు దావా వేసేవాడు, కొండమనిషికి సంగతి తెలిసేలోపే తీర్పు అయిపోయేది, పశువులు, ధాన్యం జప్తుకు పోయేవి. దానికి తోడు మన్సబుదారు వసూళ్లు, కల్లు మీద చిగురుపన్ను. 1879 మార్చిలో రంపలో ఫితూరీ లేచింది. గొలుగొండ, భద్రాచలం వైపు పాకింది. కారం తమ్మన్నదొర, చంద్రయ్య, అమ్మల్‌రెడ్డి పేర్లు మన ఇళ్లల్లో ఇప్పటికీ వినిపిస్తాయి.

సైన్యం దిగాక, ప్రాణాలు పోయాక, రెవెన్యూ బోర్డు సభ్యుడు సలివన్ విచారణకు వచ్చారు. ఆయన రాసుకున్న కష్టాలను 1852 అర్జీ పక్కన పెట్టి చూడండి. అన్యాయపు పన్ను, వసూలు చేసేవాడి దౌర్జన్యం, దూరపు కోర్టు. పాతికేళ్ల ముందు మద్రాసు వర్తకులు కాగితం మీద పెట్టినవే ఇవి. వాళ్లకు విచారణ ముందు దొరికింది, మనవాళ్లకు తుపాకీ తర్వాత దొరికింది. మన్సబుదారును తొలగించి, ముఠాదార్లతో నేరుగా ఒప్పందాలు చేసుకున్నారు.

మనవాళ్లకు అర్జీ చేతకాక ఫితూరీ చేశారని ఎవరైనా అంటే నమ్మకండి. అర్జీ వెళ్లాల్సిన దారే వాళ్లకు మూసి ఉంది.

ఇప్పుడు దారి కాగితం మీద ఉంది. 2006 అటవీ హక్కుల చట్టంలో దరఖాస్తు మొదట చేరాల్సింది గ్రామసభకే, అటవీ అధికారికి కాదు. గ్రామసభ తీర్మానం నచ్చకపోతే 60 రోజుల్లో సబ్‌డివిజన్ కమిటీకి, అక్కడా కుదరకపోతే మళ్లీ 60 రోజుల్లో జిల్లా కమిటీకి వెళ్లొచ్చు. దరఖాస్తు ఇచ్చినప్పుడు అందినట్టు రశీదు ఇవ్వడం అటవీ హక్కుల కమిటీ బాధ్యత. మీ ఊళ్లో పెద్దవాళ్లు ఇచ్చిన కాగితాలకు రశీదులు ఉన్నాయో లేదో ఈ సెలవుల్లో అడిగి చూడండి. తారీఖులు రాసి పెట్టుకోండి.