యూదు ధర్మాసన పదాలకు స్పానిష్ అనువాదం

యూదు మత న్యాయస్థానాన్ని హీబ్రూలో 'బేత్ దీన్' అంటారు. మాటకు మాట చెప్పుకుంటే 'తీర్పు ఇల్లు'. మామూలు వ్యవహారాలకు ముగ్గురు కూర్చుంటే బేత్ దీన్ అవుతుంది. స్పానిష్‌లో దీన్ని ఎక్కువగా 'త్రిబునాల్ రబీనికో', అంటే రబ్బీల (యూదు మత గురువుల) న్యాయస్థానం అని రాస్తారు. తప్పు కాదు గానీ, ఆ మాట వినగానే స్పానిష్ పాఠకుడి మనసులో ప్రభుత్వ న్యాయస్థానం మెదులుతుంది. ఇజ్రాయెల్‌లో అది నిజమే. 1953 నాటి చట్టం యూదుల పెళ్లి, విడాకుల మీద అధికారాన్ని రబ్బీల న్యాయస్థానాలకే ఇచ్చింది. స్పెయిన్‌లో సంగతి వేరు. యూదు సంఘాల సమాఖ్యతో కుదిరిన ఒప్పందాన్ని ఆమోదించిన 1992 చట్టం యూదు పెళ్లిని గుర్తిస్తుంది, కానీ బేత్ దీన్ ఇచ్చే విడాకులు చట్టం ముందు చెల్లవు. కాథలిక్ చర్చి న్యాయస్థానాలు పెళ్లి చెల్లదని తేలిస్తే మాత్రం, వాటికన్‌తో 1979లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఆ తీర్పు పౌర చట్టంలోనూ అమలుకు రావచ్చు. అందుకే మొదటిసారి హీబ్రూ మాటనే ఉంచి, ఏ దేశపు బేత్ దీనో, దానికి ఎంత అధికారం ఉందో ఒక్క వాక్యంలో చెప్పడం మేలు.

న్యాయమూర్తి దగ్గరా ఇదే ఇబ్బంది. ఇజ్రాయెల్‌లో మత న్యాయస్థానంలో కూర్చునేవాడు 'దయాన్', పౌర న్యాయస్థానంలో కూర్చునేవాడు 'షోఫెత్'. స్పానిష్‌లో ఇద్దరూ 'హ్వెస్' అయిపోతారు. ఇద్దరూ ఒకే పేజీలో కనబడితే తేడా చెరిగిపోతుంది.

ఈ చిక్కు మధ్యయుగపు స్పెయిన్ యూదులకు అంతగా లేదు. వాళ్లు కాస్తీలియన్ (ఆనాటి స్పానిష్) మాట్లాడుతూనే అవసరమైన హీబ్రూ మాటను అందులో కలిపేసుకున్నారు. 1432లో అబ్రహాం బెన్‌వెనిస్తే ఆధ్వర్యంలో కాస్తీల్ యూదు సంఘాల ప్రతినిధులు వయ్యదొలీద్‌లో కూడి కట్టుబాట్లు రాసుకున్నారు. అక్షరాలు హీబ్రూవి, భాష కాస్తీలియన్, మధ్యలో హీబ్రూ పదాలు. అందులో ఒక భాగమంతా న్యాయమూర్తుల ఎంపిక గురించే. బెన్‌వెనిస్తే బిరుదు 'రబ్ దె లా కోర్తె'. ఇక్కడ 'కోర్తె' రాజాస్థానం. అదే మాట ఈనాటి అర్జెంటీనాలో న్యాయస్థానానికి వాడతారు. పాత పత్రం చదివే అనువాదకుడు ఇక్కడే జారిపడతాడు. సంఘాన్ని అరబ్బీ నుంచి వచ్చిన 'అల్‌హామా' అన్నారు, సంఘ పెద్దలను 'అదెలంతాదోస్' అన్నారు. తోటివాళ్ల మీద చాడీలు మోసేవాడికి హీబ్రూ 'మల్షీన్' నుంచి 'మల్సీన్' పుట్టింది. అది ఇప్పటికీ స్పానిష్ నిఘంటువులో ఉంది. వకీలు, వకాల్తా, జామీను తెలుగులో కుదురుకున్నట్టే.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం జరిగింది 'హేరెమ్' అనే మాటకు. స్పానిష్‌లో దీన్ని 'ఎక్స్‌కొమునియోన్' అంటారు. అది చర్చి సంస్కారాలకు దూరం చేసే కాథలిక్ శిక్ష పేరు. హేరెమ్ అలాంటిది కాదు. ఆ మనిషితో మాట్లాడకూడదు, బేరసారాలు చేయకూడదు, దగ్గరికి రానివ్వకూడదు. దానికి తెలుగులో సరిగ్గా అతికే మాట 'వెలి'. స్పానిష్‌కు అంత దగ్గరి మాట లేదు. 1656 జులై 27న ఆంస్టర్‌డాం యూదు సంఘం తత్త్వవేత్త స్పినోజాను వెలివేసిన ప్రకటన పోర్చుగీసులో ఉంది. దాని శీర్షికలో హేరెమ్‌ను అలాగే ఉంచారు, లోపల ఆ హీబ్రూ మాటకే పోర్చుగీసు ప్రత్యయాలు తగిలించి 'ఎన్‌హెర్మమోస్' అని క్రియ చేసుకున్నారు. అరువు మాటకు ఇంతకన్నా ధైర్యమైన వాడుక నాకు కనబడలేదు.

చర్చి వాసన తగిలే మాటలు ఇంకా ఉన్నాయి. రబ్బీకి అర్హత ఇచ్చే 'సెమిఖా'ను 'ఓర్దెనసియోన్' అంటే రబ్బీ పూజారిలా కనిపిస్తాడు, కానీ యూదు మతంలో పూజారి 'కొహెన్' వేరు. యూదుల ప్రాచీన అత్యున్నత సభ 'సన్‌హెద్రిన్' పేరు గ్రీకు నుంచి వచ్చింది. స్పానిష్ 'సనెద్రీన్'గా సుఖంగా ఇమిడింది, అయినా రేనా-వలేరా బైబిలు 'కొన్సీలియో' అనే పదం వాడింది. తెలుగు బైబిలు 'మహాసభ' అన్నట్టు.

ధర్మసందేహాలకు తీర్పు చెప్పే పండితుడు 'పోసెక్'కు మాత్రం 'దెసిసోర్' చక్కగా కుదిరింది. అతనికి ఆ అధికారం పదవి నుంచి కాక పాండిత్యం నుంచి వస్తుంది. ఈ మాటలో పదవి వాసన లేదు.

1492లో స్పెయిన్ నుంచి బహిష్కృతులైన సెఫార్దీ యూదుల వారసులకు పౌరసత్వం ఇచ్చిన 2015 స్పానిష్ చట్టం పెళ్లి ఒప్పంద పత్రాన్ని రుజువుగా ఒప్పుకుంది. ఆ పత్రం పేరును చట్టం అనువదించలేదు. 'కెతుబా' అనే రాసి, పక్కనే వివాహ ధ్రువపత్రం అని స్పానిష్‌లో చేర్చింది.